దారిన పోయేవారి హితవు: అపరిచితులను సరిదిద్దడంలోని నైతికత

ఎదుటివారి పొరపాటు కంటబడినప్పుడు చెప్పడమా, ఊరుకోవడమా అన్నది నీతిచర్చలో చాలా పాత ప్రశ్న. ఎదుటివారు బిడ్డో శిష్యుడో నేస్తమో అయితే జవాబు కష్టం కాదు. మన నీతిగ్రంథాలు ఎక్కువగా అటువంటి సంబంధాలనే దృష్టిలో పెట్టుకున్నాయి. విదురుడు ధృతరాష్ట్రునికి తమ్ముడు, మంత్రి కూడా. మారీచుడు రావణుని మనిషి. వారికి చెప్పే చనువు ఉంది. వినేవారు పెడచెవిన పెట్టినా ఆ చనువు చెరగదు. ఊరూ పేరూ తెలియని మనిషిని, మళ్ళీ ఎదురుపడతారన్న ఆశ కూడా లేని మనిషిని సరిదిద్దే హక్కు ఎవరికైనా ఎక్కడి నుంచి వస్తుంది? వస్తే దానిని ఏ మాటలతో వాడుకోవాలి? ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఈ వ్యాసం గ్రంథాల కంటే ముందు రహదారిని ఆశ్రయిస్తుంది. మోటారు సైకిళ్ళు నడిపేవారి మధ్య, ఏ సంఘమూ రాసి పెట్టకుండానే, ఏ అధికారీ అమలు చేయకుండానే, ఒక మాటల మర్యాద స్థిరపడింది. అది ఎంత సున్నితమైనదో దానిని దారి మీద నుంచి మరో చోటికి తీసుకువెళ్ళినప్పుడు గాని తెలియదు.

క్రియ లేని పిలుపు

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారిన నూజివీడు, దాని చుట్టూ ఉన్న ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు మామిడికి పేరుపడిన చోట్లు. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు కాయలు కోతకు వచ్చే ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఇక్కడి దారుల స్వరూపమే వేరు. నున్న మార్కెట్టు వైపు సాగే ట్రాక్టర్లు, వాటి సందుల్లోంచి దూరిపోయే మోటారు సైకిళ్ళు, వెనకా ముందూ కాయల ట్రేలు కట్టుకుని మెల్లగా వెళ్ళే టీవీఎస్ ఎక్సెల్ బండ్లు, చిక్కం కట్టిన పొడవాటి గెడ పట్టుకుని వెనక కూర్చున్న కూలీలు, తోటలోకి అన్నం క్యారేజీ తీసుకువెళ్ళే ఆడవాళ్ళు కనిపిస్తారు. ఈ రద్దీలో ఒక బండి మరో బండిని దాటుతూ అరిచే అరుపులు కొన్ని ఉన్నాయి. ఇవి నూజివీడుకే ప్రత్యేకం కావు. తెలుగునాట దాదాపు ప్రతి దారి మీదా వినిపిస్తాయి. అయితే తోటల దారుల్లో, బరువు వేసుకుని ఆగుతూ సాగే ప్రయాణాల్లో, వాటి అవసరం ఎక్కువ.

"బాబాయ్, స్టాండు!" "అన్నా, లైటు!" "అక్కా, చున్నీ!" "అమ్మా, చీర!"

పక్క స్టాండు తీయకుండా బండి నడిపితే, ఎడమకు మలుపు తిరిగేటప్పుడు అది నేలకు తగిలి బండిని పడదోస్తుంది. చున్నీ గాని కొంగు గాని చక్రంలో చుట్టుకుంటే జరిగేది అంతకంటే ఘోరం. ఈ పిలుపులు ప్రాణాలు నిలిపేవే. వాటి ప్రయోజనం అందరికీ తెలుసు. వాటి వ్యాకరణం మీద మాత్రం అంతగా దృష్టి పడినట్లు లేదు.

పైన చెప్పిన పిలుపుల్లో ఒక్క క్రియాపదం లేదు. తెలుగులో విధ్యర్థక క్రియ ఒంటరిగా రాదు. హోదాను వెంటబెట్టుకుని వస్తుంది. "తియ్యి" అన్నా, "తియ్యండి" అన్నా, "తియ్యరా" అన్నా మాట్లాడేవారు తాము ఎక్కడ నిలబడ్డారో, ఎదుటివారిని ఎక్కడ నిలబెట్టారో చెప్పకుండా ఉండలేరు. ఈ ఎంపిక ఎంత బరువైనదో తెలుగు సమాజానికి బాగా తెలుసు. పల్లెలో తెలిసిన ముఖానికి పిలుపు కులాన్ని బట్టి ఉండేది. తండ్రి వయసున్న మనిషిని కుర్రవాడు "ఏరా" అనడం, ఆ పెద్దమనిషి ఆ కుర్రవాణ్ణి "అయ్యా" అనడం దళిత రచయితల కథల్లోనూ ఆత్మకథనాల్లోనూ పదేపదే కనిపించే గాయం. దారి మీది పిలుపు క్రియను వదిలేయడంతో ఈ తూకమంతా తప్పిపోతుంది. "స్టాండు" అనేది ఆజ్ఞ కాదు, ఒక వస్తువు పేరు. దానిని తీయడమా మానడమా అన్నది విన్నవారి చేతిలో ఉంది. హెల్మెట్టు ముఖాన్ని కప్పడం, వేగం ఆరా తీసే వ్యవధి ఇవ్వకపోవడం ఇందుకు సాయపడి ఉండవచ్చు. కారణం ఏదైనా, ఫలితం మాత్రం ఇది: కులం, ధనం, చదువు తెలుసుకోకుండానే ఒక తెలుగు మనిషి మరో తెలుగు మనిషిని సరిదిద్దగల అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

బంధువాచకంలోనూ తరతమ భేదం లేదా అని అడగవచ్చు. ఉంది. "తమ్ముడూ" అన్నవారు తాము పెద్దవారమని చెప్పుకున్నట్లే. ముప్ఫై నిండీ నిండని మనిషిని వెనక నుంచి వచ్చిన కుర్రాడు "బాబాయ్" అంటే ఆ పూటంతా అది ముల్లులా గుచ్చుతుంది కూడా. అయినా ఆ భేదం వయసుది. వయసు అందరికీ వస్తుంది. పైగా బంధువాచకం ఇక్కడ చేస్తున్న పని వేరు. చనువు లేని చోట, రెండు క్షణాలపాటు, చనువును అప్పు తెస్తుంది. పెద్దన్న చెప్పినట్లో, చిన్నాన్నకు చెప్పినట్లో చెప్పే వీలు కల్పించి, బండి దాటగానే ఆ చుట్టరికాన్ని రద్దు చేస్తుంది.

వంతెన మీది మనిషి

పాశ్చాత్య నీతిచర్చలో దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో ప్రచురించిన 'ఆన్ లిబర్టీ' చివరి అధ్యాయంలో, కూలిపోయే స్థితిలో ఉన్న వంతెన మీదికి తెలియక అడుగు పెట్టబోతున్న మనిషిని ప్రస్తావిస్తాడు. హెచ్చరించే వ్యవధి లేకపోతే అతన్ని పట్టి వెనక్కు లాగవచ్చు. నీళ్ళలో పడాలని అతనికి కోరిక లేదు కనుక అది అతని స్వేచ్ఛకు భంగం కాదు. అయితే కీడు నిశ్చయంగా జరుగుతుందని లేక, జరగవచ్చునన్న అపాయం మాత్రమే ఉన్నప్పుడు, ఆ సాహసానికి సిద్ధపడాలా వద్దా అన్నది అతనే తేల్చుకోవాలి. అప్పుడు హెచ్చరించాలే తప్ప బలవంతంగా ఆపకూడదని మిల్ అభిప్రాయం. హెచ్చరికకూ ఆజ్ఞకూ మధ్య అతను గీసిన ఈ గీతను తెలుగు రహదారి క్రియాపదాన్ని వదిలేసి గీసింది.

మిల్ చర్చలో లేని అంశం ఒకటి ఇక్కడ ఉంది. అతను వినేవారి స్వేచ్ఛను గురించి ఆలోచించాడు. చెప్పేవారికి దక్కే లాభాన్ని గురించి ఆలోచించలేదు. దారి మీద "స్టాండు" అని అరిచినవారికి దక్కేదేమీ లేదు. చూసేవారు లేరు, మెచ్చేవారు లేరు. విన్నవారు స్టాండు తీశారో లేదో వెనుదిరిగి చూసే వ్యవధి కూడా లేదు. కృతజ్ఞత అందుకోకుండానే వెళ్ళిపోతారు. విన్నవారు కూడా చెప్పినవారి అర్హతను విచారించనక్కరలేదు. కాలు కిందికి చూపు దించితే నిజానిజాలు తేలిపోతాయి. సత్యం, ప్రియం, హితం అనే మూడింటిని కలిపి వాక్కును తూచే సంప్రదాయం మనది. భగవద్గీత 17వ అధ్యాయం వాఙ్మయ తపస్సును నిర్వచిస్తూ వీటికి ఉద్వేగం కలిగించకపోవడాన్ని కూడా జోడించింది. దారి మీది పిలుపును ఈ కొలతలతో తూస్తే అది ప్రియమైనదేమీ కాదు, ఉలికిపాటు కలిగిస్తుంది. అయినా దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అంటే అపరిచితుల మధ్య హితవుకు తీపిదనం కంటే అవసరమైనది మరొకటి ఉంది: చెప్పినవారు తప్పుకోవడం. చెప్పిన తరువాత అక్కడే నిలబడి, ఎదుటివారు ఒప్పుకునేదాకా కదలనివారి మాట ఎంత నిజమైనా హితవుగా మిగలదు.

పగటి దీపం

ఈ వాదానికి ఒక గట్టి పరీక్ష ఇటీవలి చరిత్రలోనే ఉంది. పట్టపగలు దీపం వెలుగుతున్న బండి ఎదురైతే, చేతివేళ్ళను మూసి తెరుస్తూ సైగ చేయడం ఎన్నో ఏళ్ళుగా ఉన్న మర్యాద. బ్యాటరీ దిగిపోతుందన్న పట్టింపు దాని వెనక ఉంది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశంలో తయారయ్యే కొత్త ద్విచక్ర వాహనాలకు, ఇంజను నడుస్తున్నంతసేపూ ముందు దీపం దానంతట అదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ బండ్లకు దీపం ఆర్పే మీటే లేదు. అయినా సైగలు ఆగలేదు. పాత బండి మనిషి కొత్త బండి మనిషికి, చేయడానికి వీలే లేని పనిని, మంచి మనసుతో చెబుతూ వచ్చాడు.

ఇక్కడ ప్రశ్న చెప్పేవారి నుంచి వినేవారి మీదికి మళ్ళుతుంది. పొరపాటు హితవును ఎలా స్వీకరించాలి? మొదట్లో చాలామంది బండి ఆపి మరీ వివరించబోయారు. కొందరు విసుక్కున్నారు. చివరకు ఎక్కువమంది తల ఊపి సాగిపోవడం అలవాటు చేసుకున్నారు. ఆ తల ఊపడం అసత్యమా? చెప్పిన విషయం సరైనదని ఒప్పుకున్నట్లు అర్థం చేసుకుంటే అసత్యమే. కానీ ఆ సైగకు విషయంతో నిమిత్తం లేదు. "మీరు నన్ను చూశారు, నాకోసం చెయ్యెత్తారు" అన్న దానికది బదులు. ఆ మనిషికి నిజం తెలియాలంటే రోడ్డు మధ్యన తెలియనక్కరలేదు. ఇంట్లోకి కొత్త బండి వచ్చిన రోజున దానంతట అదే తెలుస్తుంది. ఎదుటివారి అజ్ఞానం ఎవరికీ హాని చేయనప్పుడు దాన్ని వెంటనే సరిదిద్ది తీరాలన్న తహతహలో సత్యం మీది ప్రేమ ఎంత, తన తెలివి మీది ప్రేమ ఎంత అన్నది వేరు చేయడం కష్టం.

షెడ్డు ముందు

దారి మీద అంత చక్కగా నడిచిన మర్యాద మెకానిక్ షెడ్డు ముందుకు రాగానే తడబడుతుంది. మనుషులు వాళ్ళే. బండ్లూ అవే. మారినవి కొన్నే: ఇక్కడ నిలబడే తీరిక ఉంది, చుట్టూ వినేవారు ఉన్నారు, చెప్పిన మాట నిజమో కాదో తేలడానికి నెలలు పడుతుంది.

కొత్తగా బండి కొన్నవాడు మైలేజీ ఎంత వస్తుందని అడుగుతాడు. దూరప్రయాణాలు చేసి తల పండినవారికి అది నవ్వులాటగా ఉంటుంది. లీటరు లెక్క చూసుకునేవాడికి ఆ బండి ఎందుకని ఒకరంటారు. అడిగినవాడు తోటకూ మార్కెట్టుకూ రోజూ తిరగవలసిన రైతు కావచ్చునని, అతనికి లీటరే అసలు లెక్క అని ఎవరికీ తోచదు. ఇంకో ఉదాహరణ నూనెది. రెండు స్ట్రోకుల పాత ఎక్సెల్ బండ్లకు పెట్రోలులో నూనె కలిపి పోయాలి. తరువాత వచ్చిన నాలుగు స్ట్రోకుల ఎక్సెల్ 100 బండికి అది అక్కరలేదు; దాని ఇంజనుకు నూనె వేరుగా ఉంటుంది. పాతికేళ్ళు పాత బండి నడిపిన పెద్దాయన కొత్త బండి కుర్రవాడికి నూనె కలపమని గట్టిగా చెప్పడం పగటి దీపం సైగ వంటిదే. తేడా ఏమిటంటే ఆయన చెప్పి వెళ్ళిపోలేదు, అక్కడే ఉన్నాడు. కుర్రవాడు కాదన్నాడు. ఇప్పుడు నలుగురి ముందు ఆయన అనుభవం పరువు పందెంలోకి వచ్చింది. కాసేపటికి మాట నూనెను వదిలి "నువ్వెంత, నీ వయసెంత" అన్న చోటికి చేరుతుంది. క్రియాపదాలు వాటి హోదాలన్నిటితో తిరిగి వచ్చేస్తాయి.

ఈ పరిణామానికి మన తర్కశాస్త్రంలో పేర్లున్నాయి. గౌతముని న్యాయసూత్రాలు మాటల పోరును వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విభజించాయి. తత్త్వం తేల్చుకోవాలనే కోరికతో సాగేది వాదం. గెలుపు కోసం ఛలాన్నీ జాతినీ కూడా ఆయుధాలుగా వాడేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటివారిది పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. మైలేజీ అడిగినవాణ్ణి నవ్విపోయినది వితండకు దగ్గర. నూనె తగవు జల్పం. కానీ గౌతముడు చివరి రెండింటిని పూర్తిగా తోసిపుచ్చలేదన్న సంగతి గమనించాలి. మొలకెత్తుతున్న విత్తనాన్ని కాపాడుకోవడానికి ముళ్ళకొమ్మలతో కంచె వేసినట్లు, తత్త్వనిశ్చయాన్ని కాపాడుకోవడానికి జల్ప వితండలు పనికివస్తాయని 4వ అధ్యాయంలో ఆయన అంగీకరించాడు. మామిడి మొక్క నాటిన ఏ రైతుకైనా ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది. మొక్క లేత దశలో కంచె లేకపోతే మేకల పాలవుతుంది. అదే కంచెను మొక్కకు కాక తోటకు వచ్చే దారికి అడ్డంగా వేస్తే, కాయ కోయడానికి వచ్చినవాడి కాళ్ళకే ముళ్ళు గుచ్చుకుంటాయి. షెడ్డు ముందు కటువుదనాన్ని సమర్థించేవారు చెప్పేది మొదటిదే: తప్పుడు సలహా ప్రాణాలు తీస్తుంది కనుక దాన్ని గట్టిగా ఖండించాలి. ఆ మాటలో న్యాయం ఉంది. బ్రేకుల గురించి తప్పు చెప్పినవారి మీద గొంతు పెంచడం తప్పు కాదు. అయితే ఆ గొంతును మైలేజీ అడిగినవాడి మీద కూడా వాడుతున్నప్పుడు కాపాడుతున్నది ఏ మొక్కను?

వ్రాతలో మరింత

మాట కాగితం మీదికి ఎక్కినప్పుడు ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. తెలుగు పత్రికల తొలినాళ్ళలోనే ఇందుకు నిదర్శనం ఉంది. కొక్కొండ వెంకటరత్నం పంతులు 1871లో 'ఆంధ్రభాషా సంజీవని'ని, కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో 'వివేకవర్ధని'ని ప్రారంభించారు. స్త్రీవిద్య వంటి విషయాలపై ఇద్దరికీ సరిపడలేదు. వాదం ముదిరి, కొక్కొండవారు 'హాస్యవర్ధని' నడిపితే, కందుకూరివారు 'హాస్యసంజీవని' నడిపారు. ఎదుటివారి పత్రిక పేరులోని సగాన్ని తీసి హాస్యానికి అతికించిన ఈ పేర్లే ఆ తగవు ఎటు మళ్ళిందో చెబుతాయి. ఇందులో మెచ్చదగిన చమత్కారం ఉంది. తెలుగులో వ్యంగ్యరచనకు, ప్రహసనానికి ఆ ఘర్షణ బలాన్నిచ్చిందనడంలో సందేహం లేదు. ఘర్షణంటూ లేని చోట సాహిత్యం ఇంత పండేది కాదేమో. కానీ స్త్రీవిద్య ప్రశ్నపై కొక్కొండవారి మనసు మార్చడానికి ఆ హాస్యం పనికివచ్చిందా అంటే, దాని ఉద్దేశం అది కాదనే చెప్పాలి. అక్కడ ఒకరు మరొకరితో మాట్లాడడం లేదు. ఇద్దరూ పాఠకులతో మాట్లాడుతున్నారు. ఎదుటివారు శ్రోత స్థానం నుంచి వస్తువు స్థానానికి జారిపోయారు. మోటారు సైకిళ్ళ వారు ఈ రోజున చేతిఫోనుల్లో ఒకరికొకరు రాసుకునే మాటలు కూడా, మూడో మనిషి చదువుతాడన్న ఎరుక కలగగానే, ఇదే దారి పడతాయి. అడిగినవాడికి ఒక్క మాటలో చెప్పవలసింది, చదివేవారి కోసం పది వాక్యాల వెక్కిరింతగా పెరుగుతుంది.

ఇక్కడ అవధానాన్ని గుర్తు చేసుకోవచ్చు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుని పనే అడ్డు తగలడం. అతని కొంటె ప్రశ్న ఎంత చురుక్కుమన్నా అవధాని నొచ్చుకోడు, ఎందుకంటే ఆ పాత్రకు సభ ముందే అంగీకారం ఇచ్చింది. నొప్పించే హక్కు అంగీకారంతో వస్తుంది. షెడ్డు ముందు నిలబడిన కొత్తవాడు అటువంటి అంగీకారం ఇవ్వలేదు.

మౌనం తప్పు కాదా

ఇంత జాగ్రత్త అవసరమైతే ఊరుకోవడమే మేలు కదా అనిపించవచ్చు. మహాభారతం ఆ దారిని మూసేసింది. ద్యూతసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలు మౌనం వహించినప్పుడు, విదురుడు ప్రహ్లాదుని కథ చెప్పి, సభలో కూర్చుని ధర్మం చెప్పనివారికి పాపంలో పాలు ఉంటుందని హెచ్చరించాడు. స్టాండు వేసి ఉండడం చూసి కూడా చెప్పకుండా దాటిపోయినవారికి, ముందు మలుపులో జరిగేదానిలో పాలు లేదని అనలేము.

కానీ ఆ న్యాయాన్ని అడ్డుపెట్టుకుని చలామణీ అయ్యే సలహాలు వేరే ఉన్నాయి. బండి నడుపుతున్న అమ్మాయికి దారిలో అందే హితవుల్లో "చున్నీ" ఒక్కటే నిజమైన హితవు. మిగిలినవి, బ్రేకు ఎలా పట్టాలో, కాళ్ళు ఎలా ఆనించాలో, అసలు ఈ బండి ఎందుకో చెప్పేవి, ఆమె తప్పును చూసి పుట్టినవి కావు. ఆమెను చూసి పుట్టినవి. వీటిని వేరు చేయడానికి వ్యాకరణమే మళ్ళీ సాయపడుతుంది. "అక్కా, చున్నీ" అన్న మాటలో తీసేయడానికి ఏమీ లేదు. "మెల్లగా పో అమ్మా, నీకెందుకు ఇంత బండి" అన్న మాటలోంచి క్రియనూ సర్వనామాన్నీ తీసేస్తే ఆమెకు పనికివచ్చే సమాచారం ఏమీ మిగలదు.

అతివేగంగా పోయే కుర్రవాడి విషయం ఇంత తేలిక కాదు. అపాయం అతనిది మాత్రమే అయితే మిల్ గీత దగ్గర ఆగిపోవచ్చు. ట్రాక్టరు వెనక నడిచి వెళ్ళే కూలీలది కూడా అయినప్పుడు "ఒరేయ్, మెల్లగా" అన్న పెద్దాయన హద్దు దాటారని అనలేము. ఆయన అక్కడ హితవు చెప్పడం లేదు, ఫిర్యాదు చేస్తున్నారు. రెండింటి భాష వేరుగా ఉండడమే న్యాయం.

ఇప్పుడు ఈ మర్యాదలో కొంత యంత్రాల వశమవుతోంది. ఇటీవలి బండ్లలో చాలావాటికి, స్టాండు వేసి ఉండగా గేరు వేస్తే ఇంజను ఆగిపోయే ఏర్పాటు వచ్చింది. దీపం సంగతి ముందే తేలిపోయింది. "బాబాయ్, స్టాండు" అన్న పిలుపు మరికొన్నేళ్ళలో పాత బండ్లతోపాటు అరుదైపోతుంది. చీరకొంగుకు మాత్రం ఇంకా ఏ మీటా రాలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, వెనక కూర్చున్నవారి బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని చెప్పింది. బండి అందం చెడుతుందని దాన్ని ఊడదీయించేవారు ఉన్నారు. కాయల ట్రేను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో దాన్నే పట్టుకుని వెనక కూర్చున్న మనిషికి తన కొంగు ఎటు జారుతోందో కనిపించదు. నడిపేవారికీ కనిపించదు. వెనక వచ్చే బండివారికే కనిపిస్తుంది.